దాలమ్మ పెళ్లి బూర్లు

టెక్కలిలో వైకుంఠరావు అనే నోటరీ ఉండేవాడు. మనిషి వెన్నే కానీ, తెలిసినవాళ్లు తెచ్చిన కాగితాన్ని చదవకుండానే సీలు వేసేసేవాడు. చదువుతానంటే స్నేహితులు నొచ్చుకుంటారని ఆయన మొహమాటం.

ఒకరోజు చిన్ననాటి స్నేహితుడు లోకనాథం వచ్చాడు. అతని మేనమామ కూర్మయ్య కుర్రతనంలోనే మలేషియా వెళ్లి, పెళ్లీ గిళ్లీ లేకుండా అక్కడే ఉండిపోయి, ఈమధ్యే కన్నుమూశాడు. అక్కడ ఆయనకో ఇల్లుంది. వారసులెవరో నోటరీ ముందు ప్రమాణం చేసి రాసి పంపమని అక్కడి లాయరు అడిగాడట. వైకుంఠరావు టీ తాగుతూ, కూర్మయ్య కబుర్లు వింటూ, ఠపీమని సీలు వేసేశాడు.

నెల తిరిగేసరికి ఆ లాయరు దగ్గర్నుంచి నోటరీకే ఉత్తరం వచ్చింది.

"కూర్మయ్యగారి బీరువాలో ఎవరో దాలమ్మ రాసిన ఉత్తరాలు ముప్పై దాకా దొరికాయి. అన్నింటిలోనూ 'మావయ్యా' అని ఉంది. మీరు సీలు వేసిన కాగితంలో మాత్రం లోకనాథం తప్ప వారసులెవరూ లేరని ఉంది. ఈమె ఎవరు? మీరు చెప్పాకే ఇంటి సంగతి తేలుస్తాం."

వైకుంఠరావు ఉత్తరాన్ని రెండోసారి చదివాడు. దాలమ్మ లోకనాథానికి సొంత చెల్లెలు! తెలియదని ఒక్క ముక్క రాసేస్తే తన పరువూ, స్నేహమూ నిలుస్తాయి. కానీ దాలమ్మ ముఖం గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. అన్నాచెల్లెళ్లిద్దరినీ పిలిపించాడు.

"ఇదేట్రా లోకనాథం? చెల్లెలి పేరేదిరా?" అని అడిగాడు.

లోకనాథం తెల్లబోయాడు. "పెళ్లిసేసి పంపీసిన పిల్లని మనింటి కాయితంలో ఎవులైనా రాస్తారేటి? మా తాత రాయలేదు, మా అయ్యా రాయలేదు. పండక్కి సీర పెడతన్నాను కదా!" అన్నాడు. పాపం, అతని మనసులో కుట్రేమీ లేదు. అలవాటు అలాంటిది.

దాలమ్మ అన్నని వదిలేసి నోటరీ వైపు తిరిగింది.

"బాబూ, నా పెళ్లిలో రెండుసార్లు అడిగి మరీ బూర్లు ఏయించుకున్నావు. మరి నాను లేనని ఎలాగ సీలు ఏసీసినావు?"

వైకుంఠరావు సిగ్గుతో తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. చదవకుండా సీలు వేశానని లాయరుకి ఉన్నదున్నట్టు రాశాడు. లోకనాథం కాసేపు బుర్ర గోక్కుని, "అయితే దాని పేరు కూడా రాయరా" అన్నాడు. కొత్త కాగితం రాసి, ఇద్దరికీ పైకి చదివి వినిపించి, సంతకాలు పెట్టించాకే వైకుంఠరావు సీలు అందుకున్నాడు. కూర్మయ్య ఇల్లు ఇద్దరి పేరా వచ్చింది.

ఆ తరువాత ఎంత దగ్గరివాడొచ్చినా, ఆయన ముందు కళ్లజోడు పెట్టుకుని చదివేవాడు, ఆ తరువాతే సీలు. మొదట్లో కొందరు మూతి ముడుచుకున్నారు. దాలమ్మ మాత్రం ఓసారి గిన్నెడు బూర్లు పంపింది.

నీతి: మొహమాటానికి పోయి చదవకుండా సాక్ష్యం చెబితే, బతికున్న మనిషిని లేకుండా చేసినట్టే.