మూడు సైకిళ్ళు, ఒక మడమ

గవర్రాజుకి సైకిళ్ళు మూడు, కాళ్ళు రెండు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నున్నటి రోడ్డుకి ఒకటి, కొండదారికి ఒకటి. మూడోది పందెం సైకిలు. చక్రం తిరిగినంతసేపూ దాని పెడళ్ళూ తిరుగుతూనే ఉంటాయి. మనం తొక్కడం మానినా అది మానదు. గురువు జమాల్ బాబా దగ్గర అలాంటిది ఉంది కాబట్టి తనకీ ఉండాలని కొన్నాడు. గురుభక్తి చూపించడానికి అంతకంటే సులువైన మార్గం అతనికి తట్టలేదు.

మూడింటికీ మూడు రకాల పెడళ్ళు, మూడు జతల బూట్లు. బూటు అడుగున ఒక బిళ్ళ ఉంటుంది. అది పెడల్‌లో కరుచుకుందంటే ఇక కాలూ సైకిలూ ఒకటే. విడిపించుకోవాలంటే ఒకదానికి మడమ బయటికి కొంచెం తిప్పాలి, ఇంకోదానికి బలంగా తిప్పాలి, మూడోది కాలు పైకి లాగినా వదులుతుంది. ఈ తేడాల మీద గవర్రాజు ఎవరికైనా గంటసేపు చెప్పగలడు, తన కాళ్ళకి తప్ప.

కిందటి ఆదివారం రైల్వే గేటు దగ్గర ఆగబోయి, మడమ తిప్పాల్సిన చోట కాలు పైకి లాగాడు. కాలు రాలేదు. సైకిలుతో సహా నిలువునా పక్కకి ఒరిగాడు. గేటు దగ్గరి జనం నవ్వడానికి నోళ్ళు తెరిచారు గానీ నవ్వలేదు. వెనకొస్తున్న లారీ చక్రం అతని చెవి పక్కన ఆగింది.

అందుకని మూడు సైకిళ్ళూ కారు మీద కట్టుకుని, తెల్లవారేసరికి లంబసింగి కొండ మీదికి వచ్చాడు. జమాల్ బాబా ఫకీరు. వయసులో ఉండగా పందేల్లో సైకిలు తొక్కినవాడు. ఇప్పుడు లారీలు తిరగడం మానేసిన పాత ఘాటు రోడ్డు పక్కన, చిన్న దర్గాలో ఉంటున్నాడు. వచ్చినవాళ్ళు సైకిలు గురించి అడిగితే సైకిలు, దేవుడి గురించి అడిగితే దేవుడు.

"బాబా, పెడళ్ళు మూడు రకాలూ ఉంచెయ్యనా, అన్నిటికీ ఒకటే వేయించెయ్యనా? రోడ్డుకి అడుగు గట్టిగా ఉన్న బూటే మేలంటారు. కొండదారిలో దిగి నడవాలి, దానికి మెత్తటిది కావాలంటారు. ఇంకోసారి అలా పడితే నేనుండను."

"పడ్డప్పుడు బూటు ఎవరిది?"

"నాదే బాబా."

"కాలు?"

"కాలూ నాదే."

"ఖాయమేనా?"

గవర్రాజు నవ్వబోయాడు. బాబా నవ్వడం లేదు.

"నిద్రలో మడమ తిప్పుతున్నానట బాబా. మా ఆవిడ భయపడుతోంది."

"ఎటు తిప్పుతున్నావు?"

"ఒక్కో రాత్రి ఒక్కో రకంగా. మొన్న గట్టిగా పట్టుకుందట. అయినా ఆగలేదట."

బాబా లేచి పందెం సైకిలు దింపించాడు. పొగమంచులో రోడ్డు పదడుగులకి మించి కనబడటం లేదు. గవర్రాజు బూట్లు తొడుక్కుని, బాబా భుజం పట్టుకుని ఎక్కాడు. రెండు కాళ్ళూ పెడళ్ళకి బిగుసుకున్నాయి.

"ఇప్పుడు బూట్లు అక్కడే వదిలేసి, నువ్వు దిగు."

పట్టీలు ఊడదీసి దిగాడు. తడి తారు అరికాళ్ళకి జివ్వుమంది. ఖాళీ బూట్లు పెడళ్ళ మీద ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టున్నాయి.

బడికి పంపే పిల్లవాడి వీపు మీద వేసినట్టు, బాబా సీటు మీద చెయ్యి వేసి మెల్లగా పల్లానికి తోశాడు.

చక్రాలు తిరిగాయి. పెడళ్ళు తిరిగాయి. బూట్లు తొక్కుకుంటూ బయల్దేరాయి. కుడి బూటు కిందికి వచ్చినప్పుడల్లా మడమ కాస్త బయటికి ఊగుతోంది. ఎన్నాళ్ళనుంచో వదిలించుకోవాలని చూస్తున్న గవర్రాజు అలవాటది. అతను వంగి తన కాళ్ళు చూసుకున్నాడు. ఉన్నాయి.

మనిషి లేని సైకిలు నాలుగు గజాలకే పడిపోవాలి. పడలేదు. మలుపు దగ్గర ఒక పక్కకి వాలి, ఒద్దికగా తిరిగి, మంచులోకి వెళ్ళిపోయింది.

గవర్రాజు చెవులు రిక్కించాడు. పడిన చప్పుడు రాలేదు. చైను చప్పుడు మాత్రం సన్నగా, చాలాసేపు వినబడింది.

కాసేపటికి ఆ మలుపులోంచే కట్టెల మోపుతో పోలమ్మ పైకి వచ్చింది. రోజూ దర్గాకి కట్టెలు తెచ్చే మనిషి. మోపు దింపుతూనే అంది:

"ఎవురు బాబా, ఆ కిందికి పోతన్నాయన? ఆగు బాబూ అంటే ఆగనేదు. కాలు ఊడదీసుకుందామని తెగ తన్నుకుంటన్నాడు పాపం. ఒకపాలి ఇటు తిప్పుతాడు, ఒకపాలి పైకి లాగుతాడు. ఏడుపు మొగమేసుకుని నాకేసి సూశాడు."

అప్పుడు గవర్రాజుని చూసింది. ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"ఇదేటి బాబూ, నువ్విక్కడున్నావా?"

గవర్రాజు మలుపు వైపు చెయ్యి చూపించాడు. "బాబా... వాడు..."

బాబా కట్టెలు ఎత్తి లోపల పెట్టుకుంటున్నాడు.

"ఎక్కడానికి ఎన్ని రకాలైనా పెట్టుకో బేటా, నీ ఇష్టం. దిగడానికి మాత్రం ఒక్కటే పెట్టుకో."

గవర్రాజు కారు మీద మిగిలిన రెండు సైకిళ్ళ వంక కూడా చూడకుండా, చెప్పుల్లేని కాళ్ళతో మలుపు వైపు నడిచాడు.

మంచు నడుము దాకా వచ్చాక, వెనక నుంచి బాబా గొంతు వినిపించింది.

"వాడు కనబడితే, వాడికీ అదే చెప్పు."