ఎవరి పేరున ఈ దానం

వానాకాలం మొదలయ్యేలోగా కాషాయం కట్టుకోవాలని పోలిన్ కోరిక. అతనికి పదహారేళ్ళు. బర్మాలోని మౌల్మీన్ ఊరి వెనక గుట్ట మీద, టేకు కలపతో కట్టిన బౌద్ధ ఆరామంలో రెండేళ్ళుగా చదువుకుంటున్నాడు. పాళీ సూత్రం ఒకసారి వింటే చాలు, తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. బర్మా భాష బర్మా పిల్లలకంటే శుభ్రంగా మాట్లాడేవాడు. అతనికి అడ్డేమీ లేదు, ఆరామంలో చేరిన రోజున చెప్పిన అబద్ధం తప్ప.

అతని అసలు పేరు పోలినాయుడు. తండ్రి కూర్మినాయుడు, తల్లి ఎర్నమ్మ. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడ డెక్కు మీద ఎండకి ఎండి వానకి తడిసి బర్మా చేరి, నది అవతలి ఒడ్డున బియ్యం మిల్లులో కూలికి కుదిరారు. తండ్రి బస్తాలు మోస్తాడు. తల్లి బియ్యం చెరుగుతుంది. ఊళ్ళో జనం అలాంటివాళ్ళని కోరంగీలు అంటారు. ఒకప్పుడు కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవాళ్ళకి ఆ పేరు. ఇప్పుడది తిట్టు.

చేరిన రోజునే పక్కన కూర్చున్న బా థాన్ అనే కుర్రాడు అతని ఒంటి రంగు చూసి, "నువ్వు కోరంగీవా?" అని అడిగాడు.

పోలినాయుడు కాదన్నాడు. తన పేరు పోలిన్ అన్నాడు. తల్లి బర్మా మనిషేనన్నాడు. ఇంకేం అడుగుతాడోనని భయపడి, అమ్మా నాన్నా కలరాలో పోయారని కూడా అనేశాడు. సాయంత్రానికి ఆ మాట గురువుగారి దాకా వెళ్ళింది. ఆయన పిలిచి అడిగితే అదే చెప్పాడు.

తర్వాత దాన్ని కాపాడుకోవడమే పని అయింది. "ఆరామానికి బయటివాళ్ళు రాకూడదు" అని అమ్మానాన్నలకి చెప్పాడు. వీలైనప్పుడు తనే పడవెక్కి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఒకసారి రేవులో బా థాన్‌తో నిలబడి ఉండగా, అవతల పడవ దిగుతూ తల్లి, "ఒరే పోలిగా!" అని గొంతెత్తి పిలిచింది. అతను తల తిప్పలేదు. ఎవరామె అని బా థాన్ అడిగితే, "ఎవరో మిల్లు కూలీ, మనిషిని పొరబడినట్టుంది" అన్నాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు, పదిమందిలో అలా పిలవొద్దని తల్లిని కసిరాడు.

"సరేలే నాయనా, నాకు తెల్దు కదా" అంది ఎర్నమ్మ. కంచంలో అన్నం పెట్టింది.

కాషాయం సంగతి అడిగిన రోజున గురువు సుమన భిక్షువు వాకిట్లో ఆకులు ఊడుస్తున్నాడు. చీపురు ఆపకుండానే విన్నాడు.

"కట్టుకోవచ్చు. ముందు నీ తల్లిదండ్రులకి చేయవలసింది చేద్దాం. పౌర్ణమి నాడు వాళ్ళ పేరున అన్నం పెట్టి, నీళ్ళు ధారపోసి, ఆ పుణ్యం వాళ్ళకి చేర్చు. పోయినవాళ్ళకి కొడుకు ఇవ్వగలిగింది అదే."

పోలిన్ తల ఊపాడు.

"పేర్లు చెప్పు."

తల్లికి ఒక బర్మా పేరు కోసం వెతుక్కున్నాడు. ఎదురుగా తలుపులోంచి బుద్ధుడి విగ్రహం కనిపిస్తోంది. నోటికి వచ్చినవి అసలు పేర్లే.

గురువు వాటిని మెల్లగా పలికి చూశాడు. నోరు తిరగలేదు. మళ్ళీ అడిగి పలికాడు.

"ఇలాంటి పేర్లవాళ్ళు నది అవతల మిల్లులో ఉన్నారు కదా. వాళ్ళని భోజనానికి పిలుద్దాం. వాళ్ళు తింటే నీ వాళ్ళు తిన్నట్టే."

"అంత దూరం ఎందుకు, భంతే?"

"పడవ ఉందిగా" అని గురువు మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.

వెళ్ళి అమ్మానాన్నల్ని రావద్దని చెప్పి వద్దామనుకున్నాడు పోలిన్. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? మిల్లువాళ్ళు సెలవివ్వరులే అని తనకి తానే చెప్పుకున్నాడు.

పౌర్ణమికి మిల్లు మూసేశారు.

కూలీలు పడవల నిండా వచ్చారు. ఉతికిన బట్టలు కట్టుకుని, ఎత్తైన మెట్లెక్కి, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో కూర్మినాయుడు ఉన్నాడు. తలకి ఎర్ర పాగా చుట్టుకున్నాడు. ఎర్నమ్మ దోసిట్లో పువ్వులు తెచ్చింది. కొడుకుని చూడగానే ఆమె మొహం విప్పారింది. పిలవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు నోరు మూసుకుంది. భర్త మోచెయ్యి పట్టుకుని గబగబా హాలు చివరికి నడిపించి, స్తంభం పక్కన చాప మీద కూర్చోబెట్టింది. తనూ కూర్చుంది. మళ్ళీ కొడుకు వైపు చూడలేదు.

పోలిన్ చేతిలో అన్నం గిన్నె ఉంది. అది ఎక్కడ దించాలో అతనికి తోచలేదు. ఈ కుర్రాడు నీకేమవుతాడని ఎవరడిగినా ఆమె చెప్పదు. తను నేర్పిందే ఆమె చేస్తోంది.

భిక్షువుల భోజనం అయింది. కూలీల ముందు పొట్టి బల్లల మీద అన్నం, కూర వడ్డించి ఉన్నాయి. నీళ్ళు వదలడం అయ్యాక తినాలని చెప్పారు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

గురువు ఎదుట పోలిన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో చెంబు, కింద వెండి గిన్నె. గురువు పాఠం మొదలుపెట్టగానే నీళ్ళు సన్నగా పడసాగాయి. మధ్యలో గురువు ఆగి, ఈ పుణ్యం చనిపోయినవాళ్ళకి చేరాలని బర్మా భాషలో అని, జాగ్రత్తగా నేర్చుకున్నట్టుగా, పేర్లు బిగ్గరగా పలికాడు.

"కూర్మినాయుడు. ఎర్నమ్మ."

కూలీల వరసల్లో ఒక్కసారిగా తలలు లేచాయి.

ఎర్నమ్మ నిటారుగా కూర్చుంది. అంత గొప్ప గురువు నోట తన పేరు. ఆమెకి బర్మా భాష బజారులో ఉప్పూ చేపా కొనేంత మాత్రమే వచ్చు. "మన పేర్లేనయ్యా" అని భర్తతో గుసగుసగా అంది. రెండు చేతులూ జోడించి, అందరితోపాటు "సాధు, సాధు" అంది. తెచ్చిన పువ్వుల్ని కళ్ళకద్దుకుని ముందుకు పెట్టింది.

పోలిన్ చూశాడు. తల్లి తన చావుకి తనే పువ్వులు పెడుతోంది, సంతోషంగా.

చెంబులోంచి పడుతున్న ధార తెగిపోయింది.

మిల్లు మేస్త్రి లోకనాథానికి బర్మా బాగా వచ్చు. అతను కూర్మినాయుడి మీదకి వంగి చెవిలో ఆ మాటకి అర్థం చెప్పాడు. కూర్మినాయుడు అర్థం కానట్టు అతని మొహంలోకి చూశాడు. మేస్త్రి మళ్ళీ చెప్పాడు. కూర్మినాయుడి చెయ్యి ఎందుకో పైకి వెళ్ళి పాగా తీసేసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

తర్వాత లేచాడు. బస్తా కింద వంగి వంగి అలవాటైన నడుముతో, బల్లల మధ్య నుంచి నడిచి ముందుకు వచ్చాడు. అక్కడికి అలా రాకూడదని ఆయనకి తెలియదు. ఎవరూ ఆపలేదు.

తిడతాడని పోలిన్ అనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

కూర్మినాయుడు కొడుకు పక్కన గొంతుక్కూర్చున్నాడు. వణుకుతున్న చెంబు అడుగున తన చెయ్యి పెట్టి నిలకడ చేశాడు. గోనె ఒరుసుకుని చర్మం మొద్దుబారిన చెయ్యి.

"ఆపకు నాయనా" అన్నాడు మెల్లగా. "సగంలో ఆపితే నీకు మంచిది కాదేటో. పొయ్యి."

నీళ్ళు మళ్ళీ గిన్నెలో పడ్డాయి. ఎవరు పోస్తున్నారో పోలిన్‌కి తెలియలేదు.

గురువు పాఠం ఆపేశాడు.

"ఈయన ఏమంటున్నారు? నాకు ఆ భాష రాదు. చెప్పు."

పోలిన్ బర్మాలో చెప్పాడు. "'ఆపకు, పొయ్యి' అంటున్నారు, భంతే."

"ఎవరు?"

కూలీలు పోగా హాలంతా ఊరి బర్మా వాళ్ళు. ముందు వరసలో బా థాన్. రెండేళ్ళుగా పోలిన్ ఏ నవ్వుకి భయపడుతున్నాడో ఆ నవ్వు నవ్వాల్సినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు.

"మా నాన్న" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బా థాన్ స్తంభం పక్కనున్న ఎర్నమ్మ వైపు చూశాడు. రేవులో పిలిచిన మనిషిని గుర్తుపట్టినట్టున్నాడు, తల దించుకున్నాడు.

ఆ హాల్లో జరిగింది ఎర్నమ్మకి ఇంకా తెలియదు. మొగుడు ఎందుకు లేచి వెళ్ళాడో, అందరూ తనవైపు ఎందుకు చూస్తున్నారో తెలియక కంగారుపడింది. ఇక ఉండబట్టలేక అంత దూరం నుంచే అడిగింది.

"ఏటి బాబూ, మా పేర్లు ఎందుకు సదివినారు? మీ నాన్న అలాగైపోనాడేటి?"

తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. పోలిన్ గురువు వైపు తిరిగాడు. ఆయన ఏదైనా ఒక మాట అంటే బాగుండును. శిక్ష వేస్తే ఇంకా బాగుండును.

గురువు వంగి, నీళ్ళ గిన్నెని తన పక్కకి జరుపుకున్నాడు.

"ఆమె నిన్నేదో అడుగుతున్నారు."

"అవును, భంతే."

"అన్నం ఆగుతుంది. వెళ్ళి చెప్పు."

పోలిన్ లేచాడు. బల్లల మధ్య నుంచి, ఇంతకుముందు తండ్రి నడిచివచ్చిన దారినే, హాలు చివరికి నడిచాడు. కొడుకు తన దగ్గరికే వస్తున్నాడని ఎర్నమ్మ నమ్మలేకపోయింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

తర్వాత చాప మీద పక్కకి జరిగి, కొంగుతో దులిపి, చోటిచ్చింది.