చెంబెడు చొప్పున

ఈ కథ నాకు చెప్పినవారు ఇప్పుడు లేరు. అందులోని చేప నారింజ రంగుదో, పసుపు రంగుదో నాకు సరిగా గుర్తులేదు. నారింజ రంగుదేననుకుని చెబుతున్నాను. పందొమ్మిది రోజులన్న లెక్క మాత్రం వారు చెప్పిందే. మిగిలినదానిలో కొంత నా జ్ఞాపకం కల్పించుకున్నదైనా కావచ్చు.

కాకినాడకు ఉత్తరాన, అలల హోరు వినబడేటంత దూరంలో, ఒక పెంకుటింట్లో ఇమ్దాద్ షా అనే ఫకీరు ఉండేవారు. రేవులో ఉద్యోగం చేసి విరమించిన రహ్మతుల్లా ఆయన శిష్యుల్లో చేరి రెండేళ్లయింది. చేరిన నాటి నుంచి అతను తన ఇంటిని తేలిక చేసుకుంటూ వస్తున్నాడు. మొదట రేడియో పోయింది. తరువాత, దైవస్మరణకు అడ్డమని, భార్య సఫియా దగ్గర కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లల రాకపోకలు ఆగాయి. ఆమె దేనికీ కాదనలేదు. ఇక మిగిలింది ఉప్పునీటి చేపల తొట్టి.

ఆ తొట్టి సఫియాది. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం ఆమె బకెట్టులో ఉప్పు కలిపి, నీటిలో తేలే గాజుగొట్టంతో ఉప్పెంత ఉందో చూసి, తొట్టిలోని పాత నీరు కొంత తీసి కొత్తది పోసేది. ఫకీరు దారి పట్టినవాడి ఇంట్లో ఇంత హంగు ఎందుకని రహ్మతుల్లాకు తోచింది. మంచినీటి తొట్టిగా మార్చేస్తే రెండు మామూలు చేపలతో సరిపోతుంది. కొట్టువాడు సముద్రపు చేపలన్నిటినీ తీసుకున్నాడు, ఒక్కదాన్ని తప్ప. తొమ్మిదేళ్ల ముసలి చేపను ఎవరు కొంటారన్నాడు.

"దీన్ని మంచినీటికి అలవాటు చేద్దాం" అన్నాడు రహ్మతుల్లా భార్యతో. "తొందరేమీ లేదు. రోజుకో చెంబు ఉప్పునీరు తీసి, చెంబు మంచినీరు పోస్తాను."

ఆ రోజుల్లో షా ఊళ్లో లేరు. గురువు లేని ఆ పెంకుటింట్లో రహ్మతుల్లా తన పద్ధతిని గురించి తోటి శిష్యులకు చెప్పని రోజు లేదు. "పులసనే చూడండి. సముద్రంలో ఉన్నన్నాళ్లు అది విలస. గోదావరి నీటిలోకి వచ్చాక పులస. నీరు మారితే చేప విలువే మారిపోతుంది. మనిషీ అంతే."

వంట చూసే ఖాసిం నవ్వాడు. "పులస తనంతట తానే ఎదురీదుతుంది, రహ్మత్ భాయ్. దాన్నెవరూ చెంబు పట్టుకుని గోదావరి ఎక్కించరు."

"నీకు చట్టిలోని చేప తప్ప ఏం తెలుసులే" అన్నాడు రహ్మతుల్లా.

పందొమ్మిదో రోజు ఉదయం చేప పక్కకు ఒరిగి తొట్టి అడుగున పడి ఉంది. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. షా ముందురోజే తిరిగి వచ్చారని విని, రహ్మతుల్లా దాన్ని ఆ నీటితోనే బకెట్టులోకి తీసుకుని ఆయన దగ్గరకు వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు.

"ఒక్క చుక్క కూడా తొందరపడి పోయలేదు, బాబా. ప్రేమతోనే చేశాను. తప్పెక్కడ జరిగింది?"

షా బకెట్టులోకి చూశారు. కర్ర అందుకుని, వంగని మోకాళ్లతో ఒడ్డుదాకా నడిచి, ఒక కూజా నిండా సముద్రపు నీరు తానే మోసుకువచ్చారు. దారిలో ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

"ఒక్కసారిగా పోస్తే తట్టుకోదు, బాబా."

"అయితే మెల్లగా పోద్దాం."

బకెట్టు పక్కన నేలమీద కూర్చుని ఆయన పుడిసెడు నీరు పోశారు. ఆగారు. మరో పుడిసెడు పోశారు. ఖాసిం తెచ్చి పెట్టిన టీ చల్లారిపోయింది. దర్శనానికి వచ్చినవాళ్లు గుమ్మంలో కాసేపు కూర్చుని, చూసి, లేచి వెళ్లిపోయారు. ఒకసారి చేప మొప్పలు గట్టిగా కదిలాయి. రహ్మతుల్లా ముందుకు వంగాడు. షా తన చేతి వేగం మార్చలేదు.

మధ్యాహ్నపు అజాన్ వినబడేసరికి మొప్పలు ఆగిపోయాయి. కూజాలో ఇంకా సగం నీరు ఉంది.

"తీసినంత మెల్లగా తిరిగి ఇద్దామనుకున్నాను" అన్నారు షా. "దానికి పందొమ్మిది రోజులు లేవు."

రహ్మతుల్లా తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా, "ఒక్కనాడైనా కొట్టుకుని ఉంటే తెలిసేది. చడీచప్పుడు లేకుండా ఉండిపోయింది" అన్నాడు.

"ఎవరిది ఈ చేప?"

"సఫియాది."

"ఆమె ఏమంది?"

ఏమీ అనలేదని చెప్పబోయి అతను ఆగిపోయాడు.

"మొదటి రోజు చెంబు తనే తెచ్చి ఇచ్చింది, బాబా." బకెట్టులోకి చూశాడు. "పదకొండేళ్లు వాటిని పెంచిన మనిషి. ఇలా అవుతుందని ఆమెకు తెలిసే ఉండాలి."

షా తడి చేతిని తుడుచుకోకుండానే అతని భుజం పట్టి లేపారు. ఆయన చొక్కా అంచుకు ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

"ఇంటికి వెళ్లు" అన్నారు. "మెల్లగా వెళ్లకు."

ఇల్లు చేరాక రహ్మతుల్లా భార్యతో ఏమన్నాడో, దానికి ఆమె ఏమన్నదో, ఈ కథ చెప్పినవారు నాకు చెప్పారు. చేప రంగు మరిచిపోయాను గాని, ఆ మాటలు మరువలేదు. తెలిసే వాటిని ఇక్కడ వదిలివేశాను. ఆ ఇంట్లో అన్నాళ్లకు ఆమె తన కోసం పలికిన మాట అదొక్కటే. దాన్ని కూడా ఆమె దగ్గర నుంచి తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.