కన్నీటి సుడి గుర్రం

అనగనగా, మీ తాతలకి తాతలు కూడా పుట్టకముందు, ఒక రాజుండేవాడు. ఆయన కొడుకు మణిదత్తుడు. పక్క రాజ్యపు రాజకుమారి కువలయతో అతనికి పెళ్లి కుదిరింది. తీరా ముహూర్తం వేళకి ఏమైందనుకున్నారు? తరలివస్తున్న పెళ్లికూతురూ, ఆమె వెంట నూరుమంది పెళ్లివారూ దారిలో తెల్లటి మంచులో పడి మాయమైపోయారు.

మణిదత్తుడికి అన్నం సయించలేదు. వెతుక్కుంటూ బయలుదేరాడు. ఒక సముద్రం దాటాడు, రెండోది దాటాడు, అలా ఏడూ దాటాడు. ఏడో సముద్రం ఒడ్డున మబ్బులు నేలమీదే పరుచుకుని ఉన్నాయి. ఆ మబ్బుల్లో గుర్రాల సంత జరుగుతోంది. అన్నీ తెల్లగుర్రాలే. డెక్కల చప్పుడు నిద్రలో విన్నట్టు మెల్లగా ఉంది.

దారిలో అతను వలలోంచి విడిపించిన చిలుకొకటి భుజం మీదే ఉంది. "ఇవి గుర్రాలు కావు బాబూ, మీ పెళ్లివారే. మాంత్రికుడు వక్రనాథుడు పగ్గం కట్టి ఇలా చేశాడు. ముడి వేసిన చెయ్యే విప్పాలి. ఇంకెవరు విప్పినా వాళ్ల ప్రాణం పోతుంది" అంది.

"మరి కువలయ ఏది?"

"నాకేం తెలుసు? నువ్వే చూసుకోవాలి."

సంతలో ఆ గుర్రాల్ని అమ్ముతున్నవాడు వక్రనాథుడే. వాడు మొదటి గుర్రాన్ని చూపించాడు. "మెడమీద దేవమణి సుడి దొరా, కొన్నవాడికి సిరి." మణిదత్తుడు దాని కళ్లలోకి చూసి కాదన్నాడు. రెండోదాన్ని చూపించాడు. "నుదుట జంట సుళ్లు, కొన్నవాడికి జయం." దాని కళ్లలోకీ చూసి కాదన్నాడు. మూడోదాన్ని వాడు చూపించనే లేదు. అది గడ్డి ముట్టకుండా వెనకాల నిలబడి ఉంది. దాని కంటికింద సుడి. అలాంటి గుర్రాన్ని కొన్నవాడు ఏడుస్తాడని జనం తప్పుకుపోతున్నారు.

ఏడ్చి ఏడ్చి పడిన సుడి కదా ఇది అనుకున్నాడు మణిదత్తుడు. "ఇదే కావాలి" అన్నాడు.

వక్రనాథుడికి పీడ విరగడైనట్టే అనిపించింది. సంతలో ధర పైకి చెప్పరు కదా, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెంచారు. మణిదత్తుడు మెడలో హారం తీసిచ్చాడు.

"పగ్గంతో సహా తోలుకుపొండి. ఊరికే ఇస్తున్నా."

"అదేం మాటయ్యా? గొడ్డు కొన్నవాడిది, పలుపు అమ్మినవాడిది. పాత పలుపుంటే గొడ్డు పాత దొడ్డికే పోతుందంటారు. విప్పి నువ్వే ఉంచుకో."

వక్రనాథుడు నసిగాడు. అంతకుముందు పగ్గాలతో సహా గుర్రాలు కొన్నవాళ్లకి అనుమానం వచ్చింది. కర్రలు పట్టుకుని చుట్టూ మూగారు. "కుర్రాడిది న్యాయమే. విప్పితేనే బేరం."

గత్యంతరం లేక వాడు ముడి విప్పాడు. మబ్బు కదిలినట్టయింది. గుర్రమున్నచోట కువలయ నిలబడి ఉంది.

"ఇన్నాళ్లా?" అంది.

మణిదత్తుడు సంతంతా చూస్తుండగా ఏడ్చేశాడు.

ఒక ముసలాయన తను కొన్న గుర్రాన్ని ముందుకు తెచ్చి, "ఏమయ్యా, మాదీ విప్పు" అన్నాడు. వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. సాయంత్రందాకా వక్రనాథుడిచేత నూరు ముళ్లూ విప్పించారు. మేనత్తలొచ్చారు, బావలొచ్చారు, సన్నాయివాళ్లొచ్చారు. ఆఖరి పగ్గం జారగానే వక్రనాథుడు మబ్బులో కరిగిపోయాడు. అందరికన్నా చివర లేచిన పురోహితుడు పంచె దులుపుకుని, "ముహూర్తం దాటిపోయిందా ఏమిటి?" అని అడిగాడు.

దాటితే దాటిందని అక్కడే, మబ్బుల్లోనే, పెళ్లి చేశారు. మణిదత్తుడూ కువలయా చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. పాపం, ఆ కొనుక్కున్నవాళ్లకి గుర్రాలు దక్కలేదు గానీ, కడుపునిండా పెళ్లిభోజనం చేసి నడుచుకుంటూ ఇళ్లకి పోయారు.