దాలమ్మ చెయ్యి, కలబంద పాలు

అనగనగా జీడిపిక్కలు కొట్టి బతికే ఒక ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ ఉండేది, బంగారుతల్లీ. జీడిపిక్క పెంకులో నల్లటి నూనె ఉంటుంది. అది చేతికంటితే నిప్పులా కాలుస్తుంది. అందుకని షెడ్డులో పిక్కలు కొట్టే ఆడవాళ్ళందరూ చేతులకు ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చునేవారు.

ఆ షెడ్డుకు గవరయ్య అని ఒక మేస్త్రీ. "బూడిద పప్పుకి అంటుకుంటోంది. రేపట్నుంచి ఆముదం లేదు, బూడిదా లేదు" అన్నాడు. పప్పు తెల్లగా ఉండాలట, చేతులు నల్లగా కాలినా ఫరవాలేదట! తినే నోటికున్న విలువ ఒలిచే చేతికి లేకపోవడమే అన్యాయమంటే.

అప్పుడు దాలమ్మ అరచెయ్యి బొబ్బలెక్కింది. గవరయ్య చూశాడు. "మూడు రోజులు ఆగుతాను. నాలుగోనాడు పుండున్నవాళ్ళ పీట ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నాడు. పీట పోతే పని పోయినట్టే, దాలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ తర్వాత దాలమ్మ కలబంద మట్ట విరిచి, విరిచింది విరిచినట్టే చేతికి రుద్దుకుంది. చల్లబడకపోగా ఇంకా మండింది. షెడ్డులో పక్క పీట మీద కూర్చునే ముత్యాలత్త పరుగెత్తుకొచ్చింది.

"ఓసి పిచ్చిదానా, పాలు కార్చకుండా రాశావేటే? కలబందలో ఇద్దరుంటారు. తోలు కింద పచ్చపాలు, అది కోపిష్ఠిది. లోపల గుజ్జు, అది శాంతం."

అప్పుడు అత్త నాలుగు మట్టలు కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో నిలబెట్టింది. పచ్చపాలన్నీ కారాయి. ఆ తర్వాత కడిగింది. ఆ తర్వాత తోలు తీసి, అద్దంలాంటి గుజ్జు చేతి మీద పరిచింది. దాలమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఎందుకు చల్లబడిందంటావా? మన ఒళ్ళంతా కంటికి కనబడని చిన్న చిన్న గదులమ్మా. వాటిని కణాలంటారు. కాలిన చోట ఆ గదులు కూలిపోతాయి. నరం పరుగున పోయి "మంట, మంట" అని తలకి కబురు చెబుతుంది. గుజ్జు తడిగా కప్పేసరికి నరం అరుపు తగ్గుతుంది. ఆ చల్లదనంలో పక్క గదులు కొత్త గదుల్ని పుట్టిస్తాయి. మెల్లగానే సుమా, తొందరపెడితే పుట్టవు.

మర్నాడు పొద్దున్నే గవరయ్య వచ్చాడు. పచ్చపాలు కారిన గ్లాసు ఇంకా అక్కడే ఉంటే చూశాడు. "ఏటిది?"

"పారబోసేది బాబూ, ముట్టుకోకు" అంది అత్త.

"మీరు పారబోస్తారా! మంచిదంతా మీకు దాచుకుని నాకు కబుర్లా!" అని గటగటా తాగేశాడు. మొహం వేపకాయ కొరికినట్టయింది. "చేదంటే మందేగా" అని మీసం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. పచ్చపాలు పెద్దపేగు చేరేదాకా నోరు విప్పవు. అక్కడ కాపురముండే సూక్ష్మజీవులు వాటి ముడి విప్పుతాయి. అప్పుడు పేగులో నీరూరుతుంది, పేగు నరాలు "తొయ్యి, తొయ్యి" అంటాయి. సాయంత్రం గవరయ్య చెంబు పట్టుకుని తోటలోకి పరుగెత్తాడు. రెండోసారి చెంబు మరిచిపోయాడు. మూడోసారి చెప్పులు కూడా వదిలేశాడు. నువ్వు మాత్రం ఆ పాలు ఎప్పుడూ నోట పెట్టకు, మనిషి నీరసించి పడిపోతాడు. ముత్యాలత్తే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించింది.

నాలుగోనాడు గవరయ్య కర్ర ఊతంతో వచ్చాడు. దాలమ్మ చెయ్యి చాపింది. అంచుల్లో కొత్త చర్మం గులాబీరంగులో వచ్చింది. మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంది.

"మానలేదుగా. లే."

"బాబూ, ఆగమంటే నీ పేగు ఆగిందా?" అంది ముత్యాలత్త. ఎవరో కిసుక్కుమన్నారు. "నీ ఒంట్లో నరమే నీ మాట వినలేదు. దీని ఒంటి తోలు నీ గడువుకి పుడుతుందా?" అని తన చెయ్యీ చాపింది. దాని మీదా పుండే. ఆ పక్కావిడ చాపింది. ఆ పక్కావిడా చాపింది. ముప్పై పీటలు, ముప్పై అరచేతులు. బొబ్బ లేని మనిషి ఒక్కర్తీ లేదు.

"పుండున్నవాళ్ళని లెగమన్నావు కదా. లెగుతున్నాం" అన్నారు.

అందరూ లేచారు. సుత్తుల చప్పుడు ఆగిపోయింది. గవరయ్య పిక్కల కుప్ప వంక చూశాడు. ఆ తర్వాత తన మెత్తటి చేతుల వంక చూసుకున్నాడు.

సాయంత్రానికి ఆముదం డబ్బా వచ్చింది, బూడిద తట్టా వచ్చింది. దాలమ్మ చెయ్యి మానేదాకా రోజుకో ఇంటి నుంచి ఆమెకు కూడు వచ్చింది. ఆమె పీట మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.

పచ్చపాలు పారబొయ్యి,
చల్లగుజ్జు చేత వెయ్యి,
కాలిన చెయ్యికి తోడు చెయ్యి,
కథ కంచి చేరె, కళ్ళు ముయ్యి!