శుక్రవారం పూలు

అనగనగా అనగానే మీకు గుర్రాలూ రథాలూ గుర్తొస్తాయి. కానీ ఈ కథలో రాజుగారికి కారుంది. ఆయన రాజ్యం పేరు నిప్పులకొండ. పేరుకు తగ్గట్టే అక్కడ ఎండలు మాడు పగలగొట్టేస్తాయి.

ఆ కారు నడిపేవాడు ఓబులేసు. కారంటే అతనికి ప్రాణం. ప్రతి శుక్రవారం పొద్దున్నే దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు అద్దం కింద దోసెడు బంతిపూల రేకులు చల్లేవాడు. "తల్లీ, నిన్ను ఎక్కినవాళ్ళందరినీ చల్లగా చూడు" అని దండం పెట్టుకునేవాడు.

రాజుగారి తల్లి పెద్దరాణమ్మకు ఒక్కతే చెల్లెలు. కొండ అవతలి ఊళ్ళో మంచం పట్టి, అక్కను ఒక్కసారి చూడాలని ఉందని కబురు పంపింది. పెద్దరాణమ్మ అప్పటికప్పుడే మూట కట్టింది. వైద్యుడు అడ్డుపడ్డాడు.

"అమ్మా, నాలుగు గంటల ప్రయాణం. ఈ వయసులో వేడికి తట్టుకోలేరు. కారు చల్లగా ఉంటేనే వెళ్ళండి."

సరిగ్గా అప్పుడే కారులో ఏసీ మొరాయించింది. బుసబుసమని చప్పుడే తప్ప చల్లదనం లేదు.

రాజుగారు గవర్రాజు అనే మెకానిక్కును పిలిపించారు. అతగాడు కారు తలుపైనా తీయకుండానే, "గ్యాసు తగ్గింది మహారాజా" అని గ్యాసు కొట్టేసి వెళ్ళిపోయాడు. ఏసీ ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత పరదేశి వచ్చాడు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "కంప్రెసరు పోయింది ప్రభూ" అని బాగున్న కంప్రెసరును పీకి కొత్తది బిగించాడు. దాంతో కారు బరువైన నిట్టూర్పు ఒకటి విడిచింది తప్ప చల్లబడలేదు.

పెద్దరాణమ్మ కట్టిన మూట విప్పలేదు. గుమ్మంలో కూర్చుని రోజూ అడిగేది. "ఏం ఓబులేసూ, ఈ రోజన్నా పోదామా నాయనా?"

అతను మళ్ళీ వెళ్ళి కారు ముందు మూత ఎత్తి చూసేవాడు.

రాజుగారికి కోపం ముంచుకొచ్చింది. "ఇన్ని చేసినా బాగుపడలేదంటే ఎవరో కావాలనే చెడగొట్టారు. అలాంటివాణ్ణి మళ్ళీ ఈ స్టీరింగు ముట్టుకోనిస్తే ఒట్టు!"

ఓబులేసు ఊరుకోలేకపోయాడు. సంతకు పోయే దారిలో చిన్న రేకుల షెడ్డులో పనిచేసే నాంచారమ్మను తనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఆమె వచ్చీ రాగానే పానా పట్టుకోలేదు. ఒక మాట అడిగింది.

"గాలి వస్తోంది గానీ చల్లగా లేదా అన్నా? లేక గాలే సరిగ్గా రావట్లేదా?"

ఇన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. ఓబులేసు ఆలోచించాడు. "గాలే తక్కువమ్మా. చప్పుడు మాత్రం కొండంత."

నాంచారమ్మ ఫ్యాను పూర్తిగా పెట్టి, గాలి వచ్చే చోట తన కొంగు పట్టింది. కొంగు కదల్లేదు. తర్వాత మీటరు పెట్టి గ్యాసు కొలిచింది. గవర్రాజు పుణ్యమా అని అది ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. దాన్ని సరిచేసింది. ఆ పైన ముందు సీటు ఎదురుగా ఉన్న సొరుగు ఊడదీసి, గాలిని వడగట్టే ఫిల్టరును మెల్లగా బయటికి లాగింది.

గుప్పెళ్ళకొద్దీ ఎండు బంతిరేకులు జలజలా రాలాయి. మిగతాదంతా పసుపు ముద్దకట్టి ఉంది.

"అద్దం కింద సందుల్లోంచే కారు ఊపిరి పీల్చేది. ఈ రేకులు అక్కడ పడి లోపలికి జారాయి" అంది నాంచారమ్మ.

"ఎవడి పనిది?" అని ఉరిమారు రాజుగారు.

ఓబులేసు రాలిన రేకుల వైపు చూశాడు. కారు నిలిపేది పూలతోట పక్కనే. గాలికి కొట్టుకొచ్చాయంటే అందరూ నమ్మేవాళ్ళే. కానీ గుమ్మంలో మూట పట్టుకుని కూర్చున్న పెద్దరాణమ్మ కళ్ళబడింది.

"నా పనే మహారాజా. చల్లగా చూడమని మొక్కుతూ, దాని ముక్కు నేనే మూసేశాను. పెద్దమ్మగారిని ఇన్నాళ్ళు ఆపింది నేనే."

రాజుగారు నోరు తెరిచేలోగా పెద్దరాణమ్మ లేచింది. "కావాలని చెడగొట్టినవాడి మీద కదా నీ ఒట్టు? ఇతను కావాలని చేశాడా? ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను ఇతను నడిపితేనే కారెక్కుతాను."

రాజుగారు తల వంచారు. నాంచారమ్మ కొత్త ఫిల్టరు పెట్టింది. చల్లని గాలి రివ్వున వచ్చి, కారెక్కి కూర్చున్న పెద్దరాణమ్మ నెరిసిన జుట్టును చెదరగొట్టింది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

"పూజ మానకు ఓబులేసూ. పూలు మాత్రం నా దోసిట్లో పెట్టు, నా చెల్లెలికి ఇస్తాను."

సాయంత్రానికి కొండ దాటారు. మంచం మీది చెల్లెలు లేచి కూర్చుని, పూలతో సహా అక్క చేతులు పట్టుకుంది.

"ఇంత ఎండలో వచ్చావు, నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేమే అక్కా!" అంది.

గుమ్మం బయట నిలబడ్డ ఓబులేసు కళ్ళు తుడుచుకున్నాడు.

పిల్లలూ, ఎక్కడ చెడిందో అడిగి చూసినవాళ్ళే బాగుచేయగలరు, తన తప్పు తానే ఒప్పుకున్నవాడినే నలుగురూ నమ్ముతారు.