పోలయ్య పడవలో పీపా

పీపా అనే మాట ఎక్కడ పుట్టిందో తేలేదాకా దస్తగిరికి అన్నం సయించలేదు. యూసుఫ్ బాబా దగ్గర నాతోపాటు శిష్యుడతను. చదువులో నా అంతటివాడు. అంటే ఈ తీరంలో మాకు మూడోవాడు లేడన్నమాట.

సముద్రపు ఒడ్డున మంచినీళ్ల బావి ఫకీర్లం ఉండే మా తకియాలోనే ఉండేది. వేటకు వెళ్లే పడవకు బాబా చిన్న కర్రపీపాలో నీళ్లు నింపి ఇచ్చేవాడు. తిరిగొచ్చాక కూడా దాన్ని ఖాళీగా ఉంచనిచ్చేవాడు కాదు. చెక్క ఎండితే బిగువు తప్పి సందులు పడతాయి. అది చూసుకునే పని దస్తగిరిది.

పీపా లోపల పరదేశపు అక్షరాలు కాల్చి ముద్ర వేసి ఉన్నాయని అతనికెవరో చెప్పారు. నీళ్లు పారబోశాడు. మూత ఊడదీసి ఎండబెట్టాడు. అక్షరాలు తేలాయి, సందులూ తేలాయి. పోలయ్య పడవ బయల్దేరే వేళకు సందుల్లో మైనం రాసి, నీళ్లు నింపి ఇచ్చేశాడు.

గాలి పడిపోయి పడవ నడిసముద్రంలో నిలిచిపోయింది. ఎండకు మైనం కరిగింది. వెతుక్కుంటూ వెళ్లింది నేనే. నేను తెడ్డు వేస్తే అలలు పక్కకు తప్పుకునేవి. ఆ పడవను ఒంటిచేత్తో ఒడ్డుకు లాగాను. తక్కినవాళ్లు దిగారు. పోలయ్యను దించాం. అడుగున మిగిలిన గుక్కెడూ చిన్నవాళ్లకే పోశాడట.

ఒడ్డున నిలబడి బాబా అంతా చూశాడు. పీపా తకియాది కదా, ఇచ్చెయ్యాలని పోలయ్య భార్య నాంచారమ్మ దాన్ని చంకన పెట్టుకుని మా వెంట వచ్చింది.

తకియాలో దస్తగిరి మా కోసమే కాచుకుని ఉన్నాడు. ఎవరినీ నోరు తెరవనివ్వలేదు.

"తేలిపోయింది బాబా. బుడతకీచుల మాట, ఆ పోర్చుగీసు వాళ్లది. ద్రాక్షసారా పోసుకునే పాత్రను వాళ్లు పిపా అనేవాళ్లు. ఓడ దిగి మన నోట పీపా అయింది. చెక్కలు చేర్చి కట్లు బిగించిన పాత్ర అని అర్థం."

బాబా నాంచారమ్మ చంకలోంచి పీపా తీసుకున్నాడు. దస్తగిరి ముందు పెట్టాడు. బావి నుంచి తనే నీళ్లు తోడి తెచ్చి పోశాడు.

ప్రతి సందు నుంచీ నీళ్లు కారాయి.

దస్తగిరి నాంచారమ్మ ముఖం చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నవాబుల కొలువులో గంటలకొద్దీ మాట్లాడి దివాన్ల నోళ్లు మూయించినవాణ్ణి నేను. తల దించుకున్నాను.

"మాట ఎక్కడి నుంచి వచ్చిందో బాగా చెప్పావు నాయనా," అన్నాడు బాబా. "పోలయ్య ఎందుకు రాలేదో ఈమెకు చెప్పు."

దస్తగిరి ముందుకు వంగి పీపాను రెండు చేతులా వాటేసుకున్నాడు. అరచేతులతో సందులు మూశాడు. వేళ్ల మధ్య నుంచి నీళ్లు జారి ఇసకలో ఇంకిపోతూనే ఉన్నాయి.

నాంచారమ్మ కాసేపు చూసింది.

"ఒదిలెయ్యి బాబూ," అంది. "ఇప్పుడు కారితే ఏమైంది."

అతను వదల్లేదు.